కంపెనీ కల్పించే కౌన్సెలింగ్‌కు వెళితే మేనేజరుకు తెలుస్తుందా?

రాత్రిషిఫ్టు (ప్రశ్న):
నేను హైదరాబాదులో ఒక ఐటీ సంస్థలో టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. అమెరికా క్లయింటు కాల్స్ ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతోంది, ఆ తరువాత పడుకున్నా నిద్ర పట్టడం లేదు, ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండెదడ మొదలవుతోంది. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఇది ఒత్తిడి వల్లనేనని డాక్టరు గారు అన్నారు. మా సంస్థ ఒక బయటి ఏజెన్సీ ద్వారా ఉచిత కౌన్సెలింగ్ కల్పిస్తోంది. దాని పోస్టరు లిఫ్టు పక్కనే ఉన్నా, వెళ్లామని చెప్పినవారు మా ఫ్లోరులో ఎవరూ లేరు. అప్రైజల్ దగ్గరపడుతోంది. నేను వెళితే ఆ సంగతి హెచ్‌ఆర్‌కు గానీ మేనేజరుకు గానీ చేరుతుందా?

మాజీ హెచ్‌ఆర్:
నేను ఇటువంటి ఏజెన్సీల ఒప్పందాలు దగ్గరగా చూసినదాన్ని. మాకు వచ్చే నివేదికలో పేర్లుండేవి కావు. ఎంతమంది వాడుకున్నారు, నిద్రలేమి, పని ఒత్తిడి, ఇంటి సమస్యలు వంటి కారణాల్లో ఏవి ఎక్కువ అన్న మొత్తం లెక్కలే ఉండేవి. అయితే మీ అంతట మీరు వెళ్లడం వేరు, మేనేజరు రాతపూర్వకంగా పంపితే వెళ్లడం వేరు. రెండో పద్ధతిలో మీరు హాజరయ్యారో లేదో సంస్థకు తెలియజేయడానికి మీ సమ్మతి అడుగుతారు. కనుక అంతవరకూ రానివ్వకుండా మీరే ముందుగా ఫోన్ చేయండి, మొదటి రోజు ఇచ్చే సమ్మతి పత్రాన్ని పూర్తిగా చదివిన తరువాతే సంతకం పెట్టండి.

నిజానికి విషయం బయటపడేది ఎక్కువగా మరో దారిన. సిక్ లీవు కోసం జబ్బు పేరు రాసి ఉన్న మెడికల్ సర్టిఫికెట్‌ను మేనేజరుకు మెయిల్ చేస్తారు, లేదా అపాయింట్‌మెంటును నలుగురూ చూడగలిగే ఆఫీసు క్యాలెండరులో పెడతారు. సొంత ఫోను, సొంత మెయిల్ వాడండి. సర్టిఫికెట్‌లో జబ్బు పేరు లేకుండా విశ్రాంతి అవసరమని మాత్రమే రాయగలరేమో డాక్టరును అడగండి.

మానసిక వైద్యుడు:
పై మాటకు చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యులపై ఉంది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు దానికి మినహాయింపు ఉంటుంది. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధుల చికిత్సకూ బీమా కల్పించాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. అయినా ఆసుపత్రిలో చేరనవసరం లేని ఓపీ సంప్రదింపుల ఖర్చు చాలా గ్రూపు పాలసీలలో ఉండదు గనుక ముందే కనుక్కోండి.

కౌన్సెలింగ్ మంచిదే గానీ, సంస్థలు ఇచ్చేవి సాధారణంగా పరిమితమైన సెషన్లే. నిద్రలేమి వారాల తరబడి సాగుతున్నా, ఆకలి తగ్గినా, ఇదివరకు నచ్చిన పనులపై ఆసక్తి పోయినా, బతకడం దండగన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, సెషన్లు పూర్తయ్యేదాకా ఆగకుండా సైకియాట్రిస్టును కలవాలి. సంస్థతో సంబంధమే వద్దనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది; 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పాత ఉద్యోగి:
గోప్యత సరే, రాత్రి కాల్స్ సంగతి ఏమిటి? ఊపిరి వ్యాయామం నేర్పి మళ్లీ అదే కాల్‌లో కూర్చోబెడితే ఎవరికి లాభం? పని స్థలంలో మానసిక ఆరోగ్యంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు సైతం ఉద్యోగిని ఒక్కడినే సరిచేయమనలేదు, పనిభారాన్నీ పని తీరునూ మార్చమని, మేనేజర్లకు శిక్షణ ఇవ్వమని కూడా చెప్పాయి. నేను వెళ్లినప్పుడు నా కౌన్సెలరు చేసిన మేలు ఇదే: జబ్బు మాట ఎత్తకుండా, ఏ కాల్‌ను ఎవరికి అప్పగించవచ్చో కాగితం మీద పెట్టి మేనేజరుతో మాట్లాడమన్నారు. వారానికి కొన్ని కాల్స్ తగ్గాయి, అన్నీ కాదు.

రాత్రిషిఫ్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఇంగ్లీషులో ఇవన్నీ చెప్పుకోవడం నాకు కష్టం. తెలుగు కౌన్సెలరును కోరవచ్చా? నా భార్య కూడా మాట్లాడవచ్చా?

మాజీ హెచ్‌ఆర్:
కోరవచ్చు, ఫోన్ చేసినప్పుడే భాష చెప్పండి. జీవిత భాగస్వామికీ వర్తించే ఒప్పందాలు చాలానే ఉంటాయి. మీ ఒప్పందంలో ఉందో లేదో ఏజెన్సీవారినే అడగండి, అందుకోసం హెచ్‌ఆర్‌కు రాయనక్కరలేదు.