సమస్యాపూరణం: నిప్పు లేక చేప నీట నుడికె

నిర్వాహకుడు:
సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

నిప్పు లేక చేప నీట నుడికె

దీన్ని చివర ఉంచి, ఇందులోని వింత విడిపోయేలా పై మూడు పాదాలు రాయడమే పూరణ. ఈ పాదం ఎలా పుట్టిందో చెప్పాలి. పోయిన శనివారం మా పెళ్ళిరోజు. బెజవాడలో పెరూ దేశపు వంటలు పెట్టే హోటల్ ఒకటి తెరిచారని మా అబ్బాయి చెబితే నలుగురం వెళ్ళాం. నెలరోజులుగా ఎదురుచూశాను. బంగాళాదుంప అక్కడి ఆండీస్ కొండల్లో పుట్టింది. మిరప మూలాలూ ఆ దిక్కువే, పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. ఆ రెండూ లేకుండా మన వంటిల్లు ఊహించలేం. అందుకే, వాటి పుట్టింటివాళ్ళు మన ఊరొచ్చారు, ఏం వండిపెడతారో చూద్దామని బయలుదేరాను.

మొదట సెవిచే తెచ్చారు. పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో ఊరబెట్టి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి, పక్కన చిలగడదుంప, మొక్కజొన్న గింజలు పెట్టి ఇచ్చే వంటకం అది. 2023లో యునెస్కో దాన్ని పెరూ ప్రజల సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మా ముందు పెట్టిన పళ్ళెంలో ఏడు ముక్కలున్నాయి. చిలగడదుంప లేదు, మొక్కజొన్న లేదు. ఉల్లిపాయ మాత్రం వేలు మందాన తరిగారు. ముక్క ఎప్పటి నుంచి పులుపులో పడి ఉందో, సుద్దలా పొడిపొడిగా విరిగింది. కింద రసం ఐసు కరిగి పలచబడింది. మిరపకాయ జాడే లేదు. అడిగితే, "ఇక్కడివాళ్ళకి పడదేమోనని తీసేశాం సార్" అన్నాడు కుర్రాడు. గుంటూరుకి గంట దూరంలో కూర్చుని ఆ మాట విన్నాను.

తర్వాత కౌసా. మెదిపిన దుంపలో పసుపురంగు మిరపకాయ ముద్ద, నిమ్మరసం కలిపి పొరలుగా పేరుస్తారు. చల్లగానే పెడతారు, అందులో తప్పు లేదు. కానీ మాకు వచ్చింది తిరగమోత వేయడం మరిచిపోయిన బోండా కూర. చికెన్ సల్తాదో గురించి చెప్పడానికి ఏమీ లేదు, సోయా సాస్‌లో నానిన దుంప వేపుడు.

సెవిచే రెండు ప్లేట్లు 2,300, కౌసా 690, సల్తాదో రెండు 1,960, నీళ్ళ సీసాలు 180. మొత్తం 5,130. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జి, ఆపైన ఐదు శాతం జీఎస్టీ. అంతా కలిపి 5,925 రూపాయలు కట్టి, ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాం. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

పూరణలు ఈ విషయం మీదే ఉండాలని లేదు. ఆదివారం రాత్రి వరకు సమయం.

సత్యనారాయణపురం సభ్యుడు:
మాస్టారూ, మొదటి పూరణ నాది.

పెరువు దేశ వంట పేర వడ్డించిరి
నిమ్మ రసము లోన నిలిపి యుంచి
పొయ్యి వెలుగలేదు పొగలేదు మరి యెట్లు
నిప్పు లేక చేప నీట నుడికె?

నిర్వాహకుడు:
గణాలు (గురులఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన జత) శుభ్రంగా ఉన్నాయి. "పెరూ" లగం, అంటే లఘువు తర్వాత గురువు, కాబట్టి సూర్యగణంలో (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) ఇమడదు. "తరు" తరువైనట్టు "పెరువు" చేసుకోవడం తెలివైన పని. పేచీ మూడో పాదంతోనే. సమస్య ఇచ్చినవాడు అడిగిన ప్రశ్ననే మీరు తిరిగి అడిగారు. పూరణ అంటే జవాబు. రెండో పాదంలో నిమ్మరసం అని జవాబు చెప్పేసి, చివర ప్రశ్న వేస్తే ఆ జవాబు కూడా నీరుగారిపోయింది. ఇలా మార్చి చూడండి:

పొయ్యి వెలుగలేదు పొగలేదు పులుపుకే
నిప్పు లేక చేప నీట నుడికె

"పులుపుకే" అన్న నాలుగు అక్షరాలతో పద్యం నిలబడుతుంది.

సత్యనారాయణపురం సభ్యుడు:
ఒప్పుకుంటున్నాను. మార్చుకున్నాను.

లబ్బీపేట సభ్యుడు:
అన్నగారూ, మీ బిల్లు చదివాక ఇది వచ్చింది.

పేరు చూచి మురిసి పెనుగాలమున జిక్కి
బిల్లు చూచినంత బిత్తరిల్లి
చలువ గదిని గూడ చెమటల నీదితి
నిప్పు లేక చేప నీట నుడికె

గుణదల సభ్యురాలు:
ఊహ చాలా బాగుందండీ. గాలానికి చిక్కిన చేప మనిషే, ఉడికిన నీరు అతని చెమటే. కానీ మూడో పాదంలో యతి తప్పింది. చ–చె కుదరదు. అకారానికి ఆ, ఐ, ఔ చెల్లుతాయి. ఎకారం ఇ, ఈ, ఏ, ఋ జట్టులోది.

లబ్బీపేట సభ్యుడు:
హల్లు ఒకటే కదా అని సరిపెట్టుకున్నాను. చెమట వదులుకోలేను. ఎలా?

నిర్వాహకుడు:
చెమట ఉంచుకుని చలువ గది వదిలేయండి. మనం రోజూ అనే మాటే ఉందిగా:

ఏసి గదిని గూడ నీదితి చెమటలో

ఏ–ఈ స్వరయతి, అచ్చుకి అచ్చు జత. పైగా "ఈదితి" యతిస్థానంలో పడింది కాబట్టి చేప ఈదడం చెవికి ముందే వినిపిస్తుంది. ఏసీ అన్న మాట పద్యంలో వద్దనేవాళ్ళు మనలో కొందరున్నారు. నాకు అభ్యంతరం లేదు. బిల్లు ఉన్న పద్యంలో ఏసీ ఉండొచ్చు.

గుణదల సభ్యురాలు:
బిల్లు మాట వచ్చింది కాబట్టి పద్యంతో సంబంధం లేని సంగతి ఒకటి. సర్వీస్ ఛార్జిని బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమని అడిగితే మీకు 5,386 దాకా వచ్చేది. తీయకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

నిర్వాహకుడు:
అప్పుడు తట్టలేదమ్మా. పిల్లల ముందు గొడవ ఎందుకని కట్టేశాను. ఇకపై అడుగుతాను.

పటమట సభ్యుడు:
నాది ఎండ మీద.

ఎండ మండుచుండె నిసుక కాలె నచట
కాల్వ నీరు తగ్గె గాలి లేదు
మడుగు మరిగిపోయె మధ్యాహ్న వేళకే
నిప్పు లేక చేప నీట నుడికె

కైకలూరు సభ్యుడు:
ధార బాగుంది. చెరువులు చూసేవాడిగా ఒక్క మాట. ఎండకి చేప ఉడకదు, ఊపిరాడక చస్తుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకే వేసవిలో మేం నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పుతూ రాత్రిళ్ళు గట్టు మీదే ఉంటాం. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే గుండె జారిపోతుంది. ఆ దృశ్యం మీ పద్యంలో ఉంటే ఇంకా నమ్మేవాణ్ణి.

నిర్వాహకుడు:
ఈ వ్యాఖ్య పద్యం కన్నా నన్ను ఎక్కువ కదిలించింది. పూరణ నిర్దోషమే, కానీ ఎండ అన్నాక అది నిప్పు కాదా అని ఎవరైనా అడగొచ్చు. "నిప్పు లేక" అన్నదానికి గట్టి సమర్థన కావాలి.

విద్యాధరపురం సభ్యుడు:
ఆ సమర్థన మా వంటింట్లో ఉంది.

మంట లేని పొయ్యి మా యింటి లోనుండె
మీట నొక్కగానె మెల్ల మెల్ల
గిన్నె వేడి కెక్కె గిరగిర సుడులతో
నిప్పు లేక చేప నీట నుడికె

నిర్వాహకుడు:
ఇండక్షన్ పొయ్యి! గిన్నె అడుగున పుట్టే సుడి ప్రవాహాల వల్లే కదా అది వేడెక్కేది, ఆ సంగతి "సుడులతో" అన్న మాటలో సరిగ్గా పడింది. సమస్యలో చిక్కు పూర్తిగా విడిపోయింది. కానీ విడిపోయాక రుచి ఏమీ మిగల్లేదని నాకనిపించింది. తప్పు పట్టడం కాదు, నా అభిప్రాయం.

గుణదల సభ్యురాలు:
నాది క్రమాలంకారం. మొదటి మూడు పాదాల్లో నాలుగు ప్రశ్నలు, చివరి పాదంలో వరుసగా జవాబులు.

ఏది లేక పొయ్యి యింటిలో చల్లారె?
ఏది పళ్లెమందు నిమిడె నేడు?
ఎచట నునిచి రద్ది యేమయ్యె చివరకు?
నిప్పు లేక, చేప, నీట, నుడికె

నిర్వాహకుడు:
మూడు పాదాల్లోనూ స్వరయతి వేసి, అన్నీ ప్రశ్నార్థకాలతోనే ఎత్తుకుని, ఎక్కడా తడబడలేదు. చేయి తిరిగినవాళ్ళ పని. "ఇమిడె" అన్న మాట కొంచెం బలవంతంగా వచ్చింది, యతి కోసం అని తెలిసిపోతోంది. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు ఒప్పుకుంటాడు, నేనూ ఒప్పుకుంటున్నాను.

కృష్ణలంక సభ్యురాలు:
మాస్టారు గారూ, నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఇదే నా మొదటి పద్యం. రాసేముందు నిజంగా ఉడుకుతుందో లేదో చూద్దామని ఒక చిన్న ముక్క గిన్నెలో వేసి నిమ్మకాయ పిండాను. ఐదు నిమిషాలకి అంచులు తెల్లబడ్డాయి, పావుగంటకి పైనంతా తెలుపే. వేలితో నొక్కితే గట్టిగా తగిలింది. మధ్యకి కోసి చూస్తే లోపల మాత్రం ఇంకా అద్దంలా ఉంది.

నిమ్మకాయ పిండి నీళ్ళల్లో వేసితి
ఉప్పు కారమద్ది యూరనిచ్చి
పావుగంటలోనె పాలిపోయె నదియు
నిప్పు లేక చేప నీట నుడికె

నిర్వాహకుడు:
అమ్మాయీ, మొదటి పద్యమంటే నమ్మలేకపోతున్నాను. ఒకే ఒక్క చోట సరిచేయాలి. "నీళ్ళల్లో" మూడూ గురువులే, అది మగణం. ఆటవెలదిలో ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. "నీళ్ళలో వేసితి" అంటే రగణం, భగణం, రెండూ ఇంద్రగణాలే, సరిపోతుంది. మిగతా యతులన్నీ నువ్వే సరిగ్గా వేశావు. "పాలిపోయె" అన్నది చూసి రాసిన మాట. పుస్తకం ముందు కూర్చుంటే అది రాదు.

కైకలూరు సభ్యుడు:
తల్లీ, ఆ ముక్క తినలేదు కదా? నిమ్మ పులుపు చేపలోని మాంసకృత్తుల్ని గడ్డకట్టిస్తుంది. చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది కానీ క్రిములు, పురుగులు మంటకి చచ్చినట్టు చావవు. మన చెరువు చేపని అలా అస్సలు తినకూడదు.

కృష్ణలంక సభ్యురాలు:
లేదండీ, మా అమ్మ వెంటనే లాక్కుని పులుసులో వేసింది.

బ్రాడీపేట సభ్యుడు, గుంటూరు:
ఆలస్యమైంది, మన్నించాలి. మా నాన్నగారి కాలం నుంచి మిర్చి యార్డులో ఉన్నాం. ఆ కుర్రాడు "పడదేమోనని తీసేశాం" అన్నాడని చదివిన దగ్గర నుంచి మనసు మనసులో లేదు.

మిరప పుట్టినట్టి మేటి దేశపు వంట
కృష్ణ దరికి వచ్చి కృంగిపోయె
కారమన్న మాట కానరాదాయెను
నిప్పు లేక చేప నీట నుడికె

గుణదల సభ్యురాలు:
మిరప పెరూలోనే పుట్టిందా? మన గుంటూరు రకాల జాతిని మెక్సికో వైపు సాగులోకి తెచ్చారని చదివాను.

బ్రాడీపేట సభ్యుడు:
నిజమేనండీ, మన తేజ, 334 లాంటివి ఆ జాతివే. పెరూవాళ్ళు వాడే పసుపురంగు మిరప వేరే జాతి, అది ఆండీస్ కొండలదే. "పుట్టినట్టి" అన్నది ఆ మిరపకి చెల్లుతుంది. ఆ హోటల్ వాళ్ళకి పసుపు మిరప దొరక్కపోవచ్చు, దూరాభారం. కానీ యార్డుకొస్తే తొడిమ విరిచి వాసన చూసి, ఏది ఎంత ఘాటో చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు. మన పండుమిరప నూరి కలిపినా ఆ చేపకి ప్రాణం వచ్చేది. అడగలేదు కదా ఎవర్నీ.

నిర్వాహకుడు:
చదివి చాలాసేపు ఊరుకున్నాను. మనమందరం నిప్పు అంటే పొయ్యి గురించే ఆలోచించాం. వీరు నిప్పంటే కారం అన్నారు. దాంతో "నీట" కూడా మారిపోయింది. అది నిమ్మనీరు కాదు, ఆ రాత్రి నా పళ్ళెంలో ఐసు కరిగి మిగిలిన ఉత్తి నీళ్ళే. సమస్యలో ఉన్న వింత ఫిర్యాదుగా మారింది, ఒక్క అక్షరం కదపకుండా. నాకు పచ్చి చేప పెట్టినందుకు కోపం రాలేదు. డబ్బు పోయినందుకు వచ్చింది, అదీ రెండ్రోజులే. కారం తీసేసి పెట్టారు చూడండి, దాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. వీరు చెప్పారు.

ఈ వారం ఉత్తమ పూరణ బ్రాడీపేట వారిది. కృష్ణలంక అమ్మాయికి ప్రత్యేక ప్రశంస.

వచ్చే వారానికి సమస్య. సెవిచే అడుగున మిగిలే పుల్లని రసాన్ని పెరూవాళ్ళు పులిపాలు అంటారు. మళ్ళీ ఆటవెలదే:

పులిని పితికి పాలు పులుసు చేసె