పెద్ద సిటీలో చవకగా అన్‌లిమిటెడ్ భోజనం: ఎలా వెతకాలి, ఏం చూసుకోవాలి?

ప్రశ్న (జల్లెడ_కావాలి):

సిటీ పెద్దది. మ్యాప్‌లో "బఫే" అని కొడితే వందల్లో వస్తున్నాయి, రేటింగ్ చూస్తే అన్నిటికీ నాలుగు పైనే. బోర్డు మీద రేటు ఒకటి, బిల్లులో పడేది ఇంకొకటి. వెళ్ళాల్సింది ఆరుగురు పెద్దవాళ్ళు, తొమ్మిదేళ్ళ పాప. పెద్దవాళ్ళలో ఒకరు నాలుగు ముద్దలు తింటే చాలనే రకం. తలకి తక్కువ పడాలి, కడుపు పాడవకూడదు.

ఫలానా హోటల్‌కి వెళ్ళండి అని పేర్లు చెప్పొద్దు, ఆర్నెల్లలో రేటూ మారిపోతుంది, వంటవాడూ మారిపోతాడు. ఎలా ఏరుకోవాలో చెప్పండి చాలు.

జవాబు (బిల్లు_కింది_గీత):

పేర్లు వద్దనడమే మంచిదైంది. ముందు బోర్డు రేటు సంగతి చూద్దాం. అది చాలా చోట్ల సోమవారం నుంచి గురువారం దాకా ఉండే మధ్యాహ్నం రేటు, అదీ పన్ను కలపకుండా. బోర్డు మీద 100 ఉందనుకోండి. పన్ను 10 శాతం, సర్వీస్ ఛార్జీ ఇంకో 10 శాతం, తలకో డ్రింకు 15 వేస్తే 135 దగ్గర తేలుతుంది. పక్క వీధిలో 120 అని రాసి "అన్నీ కలిపి, డ్రింకుతో సహా" అన్నవాడే నిజానికి చవక. బోర్డులు పోల్చుకుంటూ తిరిగేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

అందుకే ఫోన్ చేసి "రేటెంతండీ?" అని అడగొద్దు. "ఆరుగురు పెద్దవాళ్ళం, తొమ్మిదేళ్ళ పాప, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తాం, ఆఖర్న చేతికిచ్చే బిల్లు మొత్తం ఎంతవుతుంది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో పన్నూ, సర్వీసూ, పిల్లల రేటూ అన్నీ బయటికొస్తాయి. సరిగ్గా చెప్పలేకపోతే వేరే చోటికి చేయండి.

ఆ ఫోన్‌లోనే ఇంకో నాలుగు విషయాలు తేల్చుకోండి. పిల్లల రేటు వయసుని బట్టా, ఎత్తుని బట్టా? ఎత్తుని బట్టి తీసుకునే చోట తొమ్మిదేళ్ళ పాపకి పెద్దవాళ్ళ రేటే పడొచ్చు. కూర్చోవడానికి టైము ఎంత? గంటన్నర, రెండు గంటలు మామూలే, కానీ ఆఖరి ఆర్డర్ దానికి ఇరవై, ముప్పై నిమిషాల ముందే ఆపేస్తారు. వదిలేసినదానికి ఫైన్ ఉందా, ఉంటే తూకం మీదా, పళ్ళెం లెక్కనా? నాలుగోది మీకు ముఖ్యం: టేబుల్ దగ్గర కూర్చున్న ప్రతివాళ్ళూ బఫే తీసుకోవాల్సిందేనా? చాలాచోట్ల అంతే. అప్పుడు మీ నాలుగు ముద్దల మనిషి కూడా నిండు రేటు కట్టాలి.

రాత్రి రేటు ఎక్కువెందుకంటే, మాంసం, చేపల్లో ఖరీదైనవి రెండు మూడు కలుపుతారు. మిగతావి చాలావరకు మధ్యాహ్నం పెట్టే రకాలే. ఆ రెండు మూడు మీవాళ్ళు తినకపోతే రాత్రికి వెళ్ళడం శుద్ధ దండగ. రాత్రి రేటు ఎన్నింటి నుంచి మొదలో, అది లోపలికొచ్చిన టైముని బట్టా, బిల్లు కొట్టిన టైముని బట్టా అన్నది కూడా అడగండి. ఈ రెండోదాన్ని మర్చిపోయి గేటు దగ్గర వాదించుకునేవాళ్ళు కోకొల్లలు.

జవాబు (పాత_ఫోటో_కొత్త_రేటు):

పైవారు చెప్పిన ఫోన్ ఏ నాలుగైదు చోట్లకి చేయాలో తేల్చుకోవడం ఇలా.

మ్యాప్‌లో ఒకే మాటతో వెతికితే యాడ్‌కి డబ్బు కట్టినవాళ్ళు పైకొస్తారు. "బఫే", "అన్‌లిమిటెడ్", "లంచ్ స్పెషల్", ఆ సిటీ జనం తమ భాషలో వాడే మాట, ఇలా ఒక్కొక్కటీ విడివిడిగా కొట్టండి. "నాకు దగ్గర్లో" అని కాకుండా మ్యాప్‌ని వేలితో ఒక్కో పేట మీదికి జరిపి, అక్కడ మళ్ళీ వెతకండి. చిన్న హోటళ్ళు దగ్గరగా జూమ్ చేస్తే తప్ప కనబడవు.

ఏ పేటలు? ఆఫీసులున్న చోట మధ్యాహ్నం పోటీ గట్టిగా ఉంటుంది. రోజూ అదే జనం రావాలి కాబట్టి రేటు పెంచడానికి భయపడతారు. శని, ఆదివారాలు మూసేసి ఉండొచ్చు, చూసుకోండి. కాలేజీల చుట్టుపక్కల, పెద్ద స్టేషన్ల వెనక వీధులు, హోల్‌సేల్ మార్కెట్ల దగ్గర కూడా వెతకదగ్గవే. మాల్ పై అంతస్తులో తినేదాంట్లో కొంత అద్దెకే పోతుంది. మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే రేటు తగ్గుతుంది, కానీ ఏడుగురు రెండు టాక్సీలెక్కి వెళ్ళేంత దూరమైతే మిగిలింది దారిఖర్చుకే సరిపోతుంది.

రేటింగ్ అంకెని పట్టించుకోకండి. రివ్యూల్ని "కొత్తవి ముందు" అని పెట్టి, లోపల వెతికే పెట్టెలో "బిల్లు", "చల్లారి", "వెయిటింగ్" లాంటి మాటలు కొట్టండి. ఫోటోల్లో ఓనర్ పెట్టినవి వదిలేసి, కస్టమర్లు పెట్టినవాటిలో మెనూ బోర్డుదీ, బిల్లుదీ వెతకండి, తేదీ చూడండి. రెండేళ్ళ కిందటి బిల్లు ఫోటో చూసి బయల్దేరితే నిరాశే. ఒకే వారంలో ఐదు నక్షత్రాలు వరసగా పడి, అన్నిట్లో ఒకే సర్వర్ పేరు మెచ్చుకుంటూ ఉంటే, అక్కడ రివ్యూ రాస్తే ఐస్‌క్రీమో ఏదో ఫ్రీగా ఇస్తున్నారనుకోవచ్చు.

ఇంకోటి, "120 రకాలు" అన్న బోర్డుని చూసి మురిసిపోకండి. అందులో సాస్‌లు, తరిగిన ఉల్లిపాయా కీరా ముక్కలు, మూడు రకాల రొట్టెలు, నాలుగు రంగుల జెల్లీ అన్నీ రకాలే. వేడి గిన్నెలు ఎన్నో ఫోటోలో లెక్కపెట్టండి. పన్నెండు వేడి గిన్నెలు గంటకోసారి నింపే చోటు, నలభై గిన్నెలు పొద్దున్నే నింపి వదిలేసే చోటుకంటే ఎప్పుడూ మెరుగే.

జవాబు (మూత_తీసి_చూడు):

ఆఖరి వాక్యం దగ్గర్నుంచి నేనందుకుంటాను, ఎందుకంటే "కడుపు పాడవకూడదు" అన్నారు, దాని గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

వేడి గిన్నె కింద నీళ్ళ తొట్టి, దాని కింద చిన్న మంట గానీ, కరెంటు కాయిల్ గానీ ఉంటుంది. ఆ ఏర్పాటు వేడి నిలబెట్టడానికే గానీ చల్లారినదాన్ని వేడి చేయడానికి చాలదు. వంటింట్లోంచి గోరువెచ్చగా వచ్చిందంటే చివరిదాకా గోరువెచ్చగానే ఉంటుంది. వేడిగా తినాల్సింది 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా తినాల్సింది 5 డిగ్రీల లోపల ఉండాలి. ఈ రెంటి మధ్యలోనే సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. థర్మామీటర్ అక్కర్లేదు. మూత తీయగానే ఆవిరి ముఖానికి కొట్టాలి, మూత లోపల నీటిబొట్లు ఉండాలి, కింద మంట వెలుగుతూ ఉండాలి. మంట ఆరిపోయిన గిన్నె జోలికి పోవద్దు.

అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి పొగ రాని అన్నం, అంచులు ఎండి గట్టిపడిన అన్నం వదిలేయండి.

గిన్నెని చూసి దాని వయసు చెప్పొచ్చు. గ్రేవీ మీద మీగడలా పొర కట్టి, గరిటె తగిలితే ముడతపడుతోందంటే చాలాసేపయింది. అంచుల్లో నూనె వేరుగా తేలి, మధ్యలో ముద్దగా ఉన్నా అంతే. వేయించినవి మూత కింద పెడితే ఆవిరి దిగి పది, పదిహేను నిమిషాల్లో మెత్తబడతాయి. అది చెడిపోవడం కాదు గానీ, కరకరలాడేవి కావాలంటే కొత్త ట్రే వచ్చేదాకా ఆగండి.

నింపే పద్ధతి కూడా గమనించండి. ఖాళీ అయిన గిన్నెని తీసి కొత్త గిన్నె దించితే మంచి చోటు. అడుగున మిగిలిన పాతదాని మీదే కొత్తది ఒంపితే, ఆ పాతది రోజంతా అలా కిందే తిరుగుతూ ఉంటుంది. ప్రతి గిన్నెకీ విడి గరిటె ఉండాలి, దాని పిడి కూరలో మునిగి ఉండకూడదు. చల్లటి వరసలో చేప, మాంసం, పాల పదార్థాలు మంచు మీద ఉండాలి. మంచు కరిగి నీళ్ళై గిన్నెలు అందులో తేలుతుంటే వాటిని ముట్టుకోవద్దు.

ఎప్పుడు వెళ్ళాలి? తెరిచిన క్షణాన్నే వెళ్ళమంటారు చాలామంది. నేనైతే అరగంట ఆగమంటాను. మొదటి గిన్నెలు తెరవడానికి ముందే నింపి పెడతారు, అరగంటకి జనం వాటిని ఖాళీ చేసి రెండో విడత వస్తుంది. మూసే ముందు గంట మాత్రం వద్దే వద్దు, అప్పుడు అయిపోయినవి మళ్ళీ నింపరు.

జల్లెడ_కావాలి:

చాలా పనికొచ్చాయండీ. తక్కువ తినే మనిషి సంగతి మాత్రం తేలలేదు. తూకం లెక్కన ఇచ్చే చోట్లు కూడా కనబడుతున్నాయి, అవి లాభమా? గ్రూప్ ఆఫర్లలో ఏది మంచిది?

జవాబు (బిల్లు_కింది_గీత):

తూకానికి లెక్క సులువు. బఫేలో అన్నీ కలిపి తలకి పడేదాన్ని తూకం రేటుతో భాగించండి. బఫే తలకి 120, తూకం వంద గ్రాములకి 20 అయితే 600 గ్రాముల దగ్గర రెండూ సమానం. 300 గ్రాములతో లేచే మనిషికి తూకంలో 60కే పోతుంది. ఒకటిన్నర పళ్ళెం తినేవాళ్ళకి బఫే. తూకంలో నీళ్ళుండే పదార్థాలు బరువు లాగేస్తాయి: సూప్, పులుసు, పుచ్చకాయ, ఎముకలున్న మాంసం. ఖాళీ పళ్ళెం బరువు ముందే తీసేశారా అని కాటా మీద సున్నా చూసుకోండి. ఏడుగురూ ఒకేచోట తినాలంటే రెండు పద్ధతులూ ఉన్న ఫుడ్ కోర్ట్ వెతకండి, లేదా ఆ ఒక్కరికీ నిండు రేటు కట్టేసి గొడవ వదిలేయండి.

ఆఫర్లు: "నలుగురికి ఒకరు ఫ్రీ" అంటే ఐదుగురు తిని నలుగురికి కట్టడం, తలకి 20 శాతం తగ్గింపు. మీరు ఆరుగురు పెద్దవాళ్ళు కాబట్టి ఒక్కరే ఫ్రీ, అంటే 16.7 శాతమే. "రెండో మనిషికి సగం" అంటే వినడానికి తక్కువగా ఉంటుంది గానీ, మీరు మూడు జంటలు, తలకి సరిగ్గా 25 శాతం తగ్గుతుంది. మీకదే మంచిది, ఒక్క బిల్లులో ఎన్ని జంటలకైనా వర్తిస్తే. చాలా కూపన్లు "బిల్లుకి ఒక్కటే" అంటాయి. అలాంటప్పుడు ముందే చెప్పి మూడు బిల్లులుగా కొట్టించుకోండి, తిన్నాక అడిగితే ఒప్పుకోరు. పుట్టినరోజు ఫ్రీ ఆఫర్లకి గుర్తింపు కార్డు, దానితోపాటు డబ్బు కట్టే మనుషులు ఇంతమంది ఉండాలన్న షరతు ఉంటాయి. టేబుల్ బుకింగ్ యాప్‌ల తగ్గింపు నుంచి బఫేని మినహాయించడం కూడా మామూలే, సన్న అక్షరాలు చదవండి.

జవాబు (మూత_తీసి_చూడు):

టేబుల్ మీద పొయ్యి పెట్టి పచ్చి మాంసం ఇచ్చే రకానికి వెళ్తే, పచ్చిది ముట్టిన పటకారుతో కాలినది తీయొద్దు, రెండోది అడిగి తెచ్చుకోండి. కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీలు చేరాలి. రంగు చూసి చెప్పడం ఎప్పుడూ నమ్మకం కాదు కాబట్టి పలచటి ముక్కలే తీసుకుని రెండు వైపులా బాగా కాల్చండి. అక్కడ టైము కూడా పొయ్యి మీదే పోతుంది, గంటన్నర పరిమితి ఉంటే ఏడుగురికి రెండు పొయ్యిలు అడగండి.

ఇక ఎక్కడైనా సరే, పళ్ళెం పట్టుకోకముందు వరస మొత్తం ఒకసారి నడిచి చూడండి. రొట్టె, అన్నం, వేయించిన దుంపలు ముందర పెడతారు, మాంసం చివర్న ఉంటుంది. ముందు పెట్టినవాటితో పళ్ళెం నిండితే చవక పదార్థంతో కడుపూ నిండుతుంది. మొదటి విడతలో ఒక్కో దాంట్లోంచి ఒక్క చెంచా, నచ్చినవి రెండో విడతలో. కడుపు నిండిన సంగతి మెదడుకి తెలియడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది, మూడో పళ్ళేనికి ముందు కాసేపు ఆగితే వదిలేసే ఫైన్ కూడా తప్పుతుంది. తీపి డ్రింకులు ఆఖరికి ఉంచుకోండి. పొద్దుట్నుంచి పస్తుండి వెళ్ళడం వల్ల ఉపయోగం లేదు, గబగబా తిని మొదటి పావుగంటలోనే చేతులెత్తేస్తారు.