షో కూనల కోసం మా ల్యాబ్రడార్‌కి (ల్యాబ్) ఏ మగకుక్కను చూడాలి? (విశాఖ)

ప్రశ్న (గాజువాక నుంచి):
అందరికీ నమస్తే. మా బ్లాక్ ల్యాబ్ ఆడకుక్కకు రెండున్నరేళ్లు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) వంశావళి పేపర్లు, మైక్రోచిప్ ఉన్నాయి. ఇంతవరకు కాన్పు లేదు. మొన్న షోలో జడ్జి గారు తల, తోక బాగున్నాయన్నారు కానీ భుజం నిటారుగా ఉందని, ముందడుగు పొట్టిగా పడుతోందని చెప్పారు. రెండు నెలల్లో హీట్‌కి (ఎదకు) వస్తుంది. షోలో నిలబడే కూనలు కావాలి. చెన్నైలో ఒక ఛాంపియన్ మగది ఉంది, అందరూ దాని దగ్గరికే వెళ్తున్నారు. ఇక్కడ ఎంవీపీ కాలనీలో ఐదేళ్ల ఎల్లో మగది ఉంది, షోలకు పెద్దగా తిరగలేదు. ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు (సీతమ్మధార నుంచి):
జడ్జి చెప్పిన ఆ ఒక్క మాటే మీకు దారి చూపిస్తుందండి. మగకుక్కను చూడటానికి వెళ్లేముందు మీ ఆడకుక్క లోపాలు కాగితం మీద రాసుకోండి. గెలిచిన కప్పులు ఆ కుక్కవి. మీకు కావలసింది దాని పిల్లలు.

నిటారు భుజం ఉంది కదా అని మరీ వాలిపోయిన భుజం ఉన్నదాన్ని వెతకకండి. రెండు తప్పులు కలిస్తే మధ్యస్థంగా పుడతాయని చాలామంది అనుకుంటారు. ప్రతిసారీ అలా జరగదు. కొన్ని కూనలు తల్లిలా, కొన్ని తండ్రిలా రావచ్చు. భుజం సరిగ్గా ఉన్న మగకుక్క కావాలి, దాని తల్లికి, తోబుట్టువులకు కూడా భుజం బాగుండాలి. ఇంట్లో అందరికీ ఉన్న గుణమే పిల్లలకు గట్టిగా దిగుతుంది.

రెండోది, అసలైనది: ఆ మగదానికి ఇప్పటికే పుట్టిన పిల్లల్ని చూడండి. ఎనిమిది వారాల కూనల ఫొటోలు చాలవు, రెండేళ్లు దాటినవి చూడాలి. వేర్వేరు తల్లులకు పుట్టినవైతే ఇంకా మంచిది. ముగ్గురు తల్లుల పిల్లల్లోనూ అదే చక్కటి భుజం కనిపిస్తే అది తండ్రి ఇచ్చిందే. ఎంవీపీ కాలనీ కుక్క పిల్లలు ఊళ్లోనే ఉంటాయి కాబట్టి మీరే వెళ్లి చూడొచ్చు. నాకైతే అదే పెద్ద లాభంగా కనిపిస్తోంది.

కోటు మాత్రం మన ఎండల్లో చూసి తేల్చకండి. ల్యాబ్‌కి లోపల మెత్తటి బొచ్చు, పైన గట్టి బొచ్చు ఉండాలి. వేసవిలో లోపలిది రాలిపోతుంది. డిసెంబర్, జనవరి ఫొటోలు అడగండి. ఎత్తు కూడా కొలవండి, మగదానికి 56-57 సెంటీమీటర్లు.

ఇంకో మాట. బంతి విసిరితే తెచ్చి చేతిలో పెడుతుందా, కొత్తవాళ్లను చూసి బెదురుతుందా, గమనించండి. అది రిట్రీవర్, అంటే విసిరింది తెచ్చిచ్చే జాతి. రింగులో ఎంత అందంగా నిలబడినా తెచ్చే బుద్ధి లేకపోతే నేను ఆ మగదాన్ని తీసుకోను.

జవాబు (మధురవాడ నుంచి, వెటర్నరీ డాక్టర్‌ని):
పై సలహాకు ఆరోగ్యం సంగతి కలుపుతాను. తుంటి, మోచేతి ఎక్స్‌రేలు రెండేళ్లు నిండాక తీసినవి చూడండి. గ్రేడు రాసి ఉంటే తుంటికి ఏ లేదా బీ, మోచేతికి సున్నా ఉండాలి. డీఎన్‌ఏ రిపోర్టులో పీఆర్‌ఏ (చూపు పోయే జబ్బు), ఈఐసీ (గట్టిగా పరుగెత్తాక వెనుక కాళ్లు పడిపోయేది) తప్పనిసరిగా చూడండి. మగది క్యారియర్ (జబ్బు జన్యువు ఒకటి ఉన్నా తనకు జబ్బు రానిది) అయినంత మాత్రాన వదలక్కర్లేదు. మీ ఆడది క్లియర్ (ఆ జన్యువు లేనిది) అయితే కూనల్లో ఒక్కదానికీ ఆ జబ్బు రాదు, సగానికి సగం క్యారియర్లు కావచ్చు, అంతే. ఇద్దరూ క్యారియర్లైతే ఒక్కో కూనకు 25 శాతం ప్రమాదం. కాబట్టి ముందు మీ కుక్కకే టెస్ట్ చేయించండి.

బ్రూసెల్లా (గర్భం పోయేలా చేసే బాక్టీరియా) రక్తపరీక్ష రెండింటికీ కావాలి. అది మనుషులకూ అంటుతుంది. మేటింగ్‌తో అంటుకునే గడ్డల జబ్బు మన ఊళ్లో తరచూ చూస్తున్నాను, అందుకే వెట్ చేత రెండింటినీ పరీక్ష చేయించండి. మగదానికి ఈ మధ్య టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) వచ్చిందా అని కూడా అడగండి. కుక్కల్లో వీర్యకణం తయారవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది, గట్టి జ్వరం వస్తే ఆ ప్రభావం అంతకాలం ఉండొచ్చు.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్స్ అన్నా, డాక్టర్ గారూ. చెన్నై ఛాంపియన్ని వదిలేయమంటారా?

జవాబు (సీతమ్మధార నుంచి):
వదిలేయమనను. పేపర్లలో తాతలు, ముత్తాతలు మీ కుక్కవాళ్లతో ఎంత కలుస్తున్నారో చూడండి. అందరూ ఒకే మగదాని దగ్గరికి వెళ్తే నాలుగేళ్ల తర్వాత మీ కూనలకు జత దొరకడం కష్టం, దాంట్లో దాగున్న జబ్బు ఉంటే ఊరంతా పాకుతుంది. పైగా రైల్లో అంత దూరం తీసుకెళ్లాక రోజు తప్పితే అంతా వృథా. ఎక్కడికి వెళ్లినా రోజులు లెక్కపెట్టి వెళ్లకండి, ప్రొజెస్టెరాన్ టెస్ట్ (జత కట్టించడానికి సరైన రోజు తెలిపే రక్తపరీక్ష) చేయించి వెళ్లండి.

ప్రశ్న వేసినవారు:
ఈ ఆదివారం ఎంవీపీ కాలనీ వెళ్తున్నాను. అక్కడే దగ్గర్లో ఉన్న దాని పిల్లల్ని రెండింటిని చూపిస్తామన్నారు.

జవాబు (సీతమ్మధార నుంచి):
మంచిదండి. నడిపించేటప్పుడు తాడు వదులుగా పట్టుకోమనండి. బిగించి పైకి లాగితే ముందుకాళ్లు నిజంగా ఎలా పడుతున్నాయో కనిపించదు. పక్కనుంచి వీడియో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.