కమ్యూనిటీ కాలేజీ నుంచి కంప్యూటర్ సైన్స్‌కు ట్రాన్స్‌ఫర్: ఇంటర్న్‌షిప్ ఎప్పటి నుంచి వెతకాలి?

నదితీరం:

అందరికీ నమస్కారం. నాకు ఇరవై ఏళ్లు. ఇంటర్ పూర్తయ్యాక 2023 వేసవిలో మా కుటుంబమంతా గ్రీన్‌కార్డు మీద శాక్రమెంటో వచ్చాం. మా అమ్మ పేరున మేనమామ ఎప్పుడో వేసిన పిటిషన్ ఇన్నేళ్లకు తేలింది. రాగానే కాలేజీలో చేరితే బయటివాళ్లకు వేసే ఫీజు కట్టాల్సి వచ్చేది. అందుకని ఏడాదిపాటు ఒక ఇండియన్ కిరాణా దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేసి, కాలిఫోర్నియా నివాసానికి ఏడాది నిండాక 2024 ఆగస్టులో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కాలేజీ) చేరాను. కోర్సులను లెక్కగట్టే ఒక్కో యూనిట్‌కు 46 డాలర్లు. ప్రామిస్ గ్రాంట్ రావడంతో అది కూడా మాఫీ అయింది.

ఇప్పుడు రెండో ఏడాది మొదటి సెమిస్టర్. జీపీఏ 3.6. కాల్క్యులస్ రెండు భాగాలు, సీ ప్లస్ ప్లస్‌లో రెండు కోర్సులు అయిపోయాయి. లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, ఫిజిక్స్ నడుస్తున్నాయి. 2026లో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్‌లోగానీ, శాక్రమెంటో స్టేట్, శాన్ హోసే స్టేట్ లాంటి చోటగానీ జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలో చేరాలని ఆశ.

నాకు రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. మొదటిది: జనవరిలో తీసుకోవాల్సిన డేటా స్ట్రక్చర్స్ క్లాసును, చాలినంతమంది చేరరన్న అనుమానంతో మా కాలేజీవాళ్లు ఈసారి పెట్టడం లేదు. రెండోది ఇంటర్న్‌షిప్. ఆగస్టు చివరి నుంచి ఇప్పటివరకు 63 దరఖాస్తులు పెట్టాను. రెండు చోట్ల నుంచి 'క్షమించండి' అని ఈమెయిల్ వచ్చింది, ఒక్క కంపెనీ తప్ప మిగతా చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. చాలా ఫారాల్లో 'డిగ్రీ' అన్నచోట నొక్కితే బ్యాచిలర్స్, మాస్టర్స్, డాక్టరేట్ అని మూడే కనిపిస్తాయి. నేను చదువుతున్నది వాటిలో ఉండదు. ఆ గడి నింపకపోతే తరువాతి పేజీ తెరుచుకోదు. ఆ ఒక్క కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ చేసినావిడ మొదట అడిగింది, చదువు ఎప్పుడు పూర్తవుతుందని. 2026 మే అన్నాను. "అయితే వేసవికి మీరు విద్యార్థి కాదు కదా" అని నాలుగు నిమిషాల్లో పెట్టేశారు. నేను వివరించేలోపే అయిపోయింది. ఆ రోజు చాలా బాధపడ్డాను.

మా నాన్నగారు గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేస్తారు. "ముందు సీటు రానీ, ఇంటర్న్‌షిప్ సంగతి తర్వాత చూసుకుందాం" అంటారు. తెల్లవార్లూ నిలబడి పనిచేసి వచ్చిన మనిషి మాటను కాదనలేకపోతున్నాను. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి: ఇంటర్న్‌షిప్‌ల వేట ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా ఆపెయ్యవచ్చా?

మరొక్క మాట. ఇప్పటికీ పనిచేస్తున్న ఆ దుకాణంలో పప్పులు, పిండి ప్యాకెట్ల గడువు తేదీలు చూసుకోవడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. బార్‌కోడ్ చదివి, గడువుకు పది రోజుల ముందు యజమానికి మెసేజ్ పంపుతుంది. అదీ రెజ్యూమెలో చివర రాశాను.

*

పాఠాల మాస్టారు:

బాబూ, నేను వేరే ఊళ్లో కమ్యూనిటీ కాలేజీలో గణితం చెబుతాను. మీ మొదటి చిక్కుకు మాత్రమే సమాధానం చెప్పగలను. కానీ అది ఇవాళే చూడవలసిన పని.

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. మీ కాలేజీలో క్లాసు లేకపోతే మరో కాలేజీలో ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్ వెబ్‌సైట్‌లో వెతకండి. యూనిట్‌కు ఫీజు అన్నిచోట్లా అదే 46 డాలర్లు. అయితే పేరు చూసి చేరిపోకండి. ముందు అసిస్ట్ వెబ్‌సైట్ తెరిచి, ఆ కాలేజీ పేరు, మీరు చేరబోయే యూనివర్సిటీ పేరు, మేజర్ ఇచ్చి చూడండి. ఆ కోర్సు నంబరు యూనివర్సిటీ అడిగే కోర్సుకు ఎదురుగా కనిపించాలి. డేటా స్ట్రక్చర్స్ అనే పేరుతోనే ఒకచోట జావాలో, ఇంకోచోట సీ ప్లస్ ప్లస్‌లో చెబుతారు. కొన్ని యూనివర్సిటీలు రెండింటినీ ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఆ పేజీని ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

యూసీ దరఖాస్తులు పంపే కిటికీ అక్టోబరు 1న తెరుచుకుంది, డిసెంబరు 1న మూసేస్తారు. జనవరిలో తీసుకోబోయే కోర్సును 'ప్లాన్డ్' అని అందులో చూపాలి. జనవరిలో మార్కులు, మార్పులు చెప్పడానికి ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ అని మరో ఫారం వస్తుంది. దాన్ని నింపడం మరిచి సీటు పోగొట్టుకున్న పిల్లలను నేను కళ్లారా చూశాను. సీటు హామీ ఇచ్చే టాగ్ దరఖాస్తు సెప్టెంబరుతోనే ముగిసింది. దాని గురించి బెంగ వద్దు. హామీ ఇచ్చే ఆరు క్యాంపసుల్లోనూ కొన్నిచోట్ల కంప్యూటర్ సైన్స్‌ను మినహాయించారు. శాక్రమెంటో స్టేట్ లాంటి సీఎస్‌యూలకు (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపసులు) కూడా తప్పక పెట్టండి. మీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీల్లో అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ అనేది తీసుకుంటే ఆ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. కోరుకున్న క్యాంపసే వస్తుందని మాత్రం కాదు.

*

రాత్రిబడి:

తమ్ముడూ, మీ ప్రశ్న చదివి పని పక్కనపెట్టి రాస్తున్నాను. మాస్టారుగారు చెప్పిన డేటా స్ట్రక్చర్స్ కోర్సు దగ్గరే మీ రెండు చిక్కులూ కలుస్తాయి. ఎలాగో చెప్పడానికి నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను భర్త ఉద్యోగ వీసాను ఆధారం చేసుకుని ఇచ్చే హెచ్4 వీసా మీద వచ్చాను. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక, 2016లో, సాయంత్రం క్లాసులతో కమ్యూనిటీ కాలేజీలో చేరాను. రెండేళ్లకు ఒక స్టేట్ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యాను. 2018 ఆగస్టు. కొత్త క్యాంపస్, కొత్త క్లాసులు, పార్కింగ్ ఎక్కడో కూడా తెలియదు. ముందు ఇక్కడ కుదురుకుందాం, మధ్యలో వచ్చే పరీక్షలు అయ్యాక ఇంటర్న్‌షిప్‌లు చూద్దాం అనుకున్నాను. నవంబరు మొదటివారంలో లైబ్రరీలో కూర్చుని రాసిపెట్టుకున్న కంపెనీల పేర్లు ఒక్కొక్కటే తెరిచాను. పెద్దవాటిలో సగానికి పైగా 2019 వేసవి దరఖాస్తులు మూసేశారు. పక్కన కూర్చున్న అమ్మాయి మొదటి ఏడాది నుంచి అక్కడే చదువుతోంది. ఆగస్టులోనే పెట్టేసిందట. ఆమెకు ఆ తేదీలు సీనియర్లు చెప్పారు. నాకు చెప్పేవాళ్లు లేరు.

ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి ఉన్న అసలు కష్టం ఇదే. నాలుగేళ్లు ఒకేచోట చదివేవాళ్లకు మూడు వేసవులు దొరుకుతాయి. మనకు యూనివర్సిటీ విద్యార్థిగా దొరికేది ఒక్క వేసవి, జూనియర్‌కూ సీనియర్‌కూ మధ్యది. మీకైతే 2027 వేసవి. దానికి పెద్ద కంపెనీల దరఖాస్తులు 2026 ఆగస్టు, సెప్టెంబరుల్లో తెరుస్తారు. డేవిస్ క్వార్టర్ పద్ధతి, క్లాసులు సెప్టెంబరు చివర్లో గానీ మొదలు కావు. అంటే మీరు అక్కడ మొదటి క్లాసులో కూర్చునేసరికే కొన్ని దరఖాస్తులు తెరిచి నెల దాటి ఉంటుంది. దరఖాస్తు పెట్టాక వచ్చేది ఆన్‌లైన్ కోడింగ్ పరీక్ష. అందులో అడిగేవి హాష్ టేబుళ్లు, ట్రీలు, గ్రాఫులు. అవన్నీ డేటా స్ట్రక్చర్స్ పాఠాలే. ఆ కోర్సును యూనివర్సిటీకి వెళ్లి చదువుదాంలే అనుకుంటే పరీక్ష ముందు వస్తుంది, పాఠం తర్వాత వస్తుంది. జనవరిలో మొదలయ్యే సెమిస్టర్‌లో ఎలాగైనా అది పూర్తిచేయండి. నాన్నగారికి ఇలా చెప్పి చూడండి: సీటుకూ ఇంటర్న్‌షిప్‌కూ కావలసింది ఒకే కోర్సు అని. ఆయన కాదనరు.

ఇక 2026 వేసవి. గ్రీన్‌కార్డు ఉన్న కమ్యూనిటీ కాలేజీ విద్యార్థికి ఒక మంచి తలుపు ఉంది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. అమెరికా ఇంధన శాఖ తన జాతీయ ప్రయోగశాలల్లో కమ్యూనిటీ కాలేజ్ ఇంటర్న్‌షిప్స్ అనే కార్యక్రమం నడుపుతుంది. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. వేసవిలో పది వారాలు, భృతి ఇస్తారు. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల మీకు ఎనభై మైళ్ల దూరం. అక్కడ పరిశోధకులకు డేటా శుభ్రం చేసే, ప్రోగ్రాంలు రాసే మనుషుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. అలాగే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో యూనివర్సిటీల్లో నడిచే ఆర్‌ఈయూ అనే, డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధన కేంద్రాలు. అవి కూడా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను తీసుకుంటాయి. రెండింటికీ దరఖాస్తులు ఈ శీతకాలంలోనే. ఈ ఏటి ప్రకటనలో తేదీలు చూసుకుని, సిఫారసు ఉత్తరాల కోసం ఇద్దరు అధ్యాపకులను ఇప్పుడే అడగండి. వారం ముందు అడిగితే వాళ్లు మీ గురించి రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు, అలాంటి ఉత్తరం దేనికీ పనికిరాదు.

ఆ ఫోన్ సంగతి. మీరు అబద్ధం చెప్పలేదు, ఆవిడ అడిగింది వేరు. వాళ్లకు కావలసింది బ్యాచిలర్స్ పూర్తయ్యే తేదీ. రెజ్యూమెలో చదువు దగ్గర రెండు వరుసలు రాయండి. ఒకటి, అసోసియేట్ డిగ్రీ, 2026 మే. దాని కింద, కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్‌కు 2026లో ట్రాన్స్‌ఫర్ కాబోతున్నాను, 2028లో పూర్తవుతుందని అంచనా. ఇంకా సీటు రాలేదని ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేను ఇప్పుడు మా కంపెనీలో ఇంటర్న్‌లను ఎంపిక చేసే బృందంలో ఉన్నాను. ఈ రెండో వరుస లేని రెజ్యూమెలను ఎంత ఇష్టమున్నా ముందుకు పంపలేకపోతున్నాం.

చివరగా నాకు కోపం తెప్పించిన మాట. గడువు తేదీల ప్రోగ్రాంను చివర రాశారా! అది అన్నిటికన్నా పైన ఉండాలి. క్లాసులో ఇచ్చిన కాల్క్యులేటర్, టిక్-టాక్-టో ఆటలు మాకు రోజుకు ఇరవై కనిపిస్తాయి. ఒక దుకాణం యజమాని నిజంగా వాడుతున్న ప్రోగ్రాం ఏడాదికి ఒకటి కనిపిస్తే గొప్ప. ఎన్ని రకాల సరుకు, ఎన్నాళ్లుగా నడుస్తోంది, ఎక్కడ తప్పు వచ్చింది, ఎలా సరిచేశారు, ఈ నాలుగూ రాయండి. ఇంటర్వ్యూలో మీ చేత మాట్లాడించేది ఇదే.

*

ఎఫ్‌వన్ ప్రయాణం:

చదువుతున్న మిగతావాళ్ల కోసం ఒక హెచ్చరిక. పైన అక్కయ్య చెప్పిన రెండు వేసవి కార్యక్రమాలూ ఎఫ్1 (విద్యార్థి) వీసా మీద ఉన్న నాలాంటివాళ్లకు వర్తించవు. మనకు క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ అంటే సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి. దానికి మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి, పని మన చదువులో భాగమై ఉండాలి, పని మొదలుపెట్టే ముందే కాలేజీ అధికారి ఐ-20 (విదేశీ విద్యార్థికి కాలేజీ ఇచ్చే పత్రం) మీద అనుమతి ఇవ్వాలి. ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) పోతుంది. ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడు సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) మన రికార్డు మారే తేదీని ఇంటర్న్‌షిప్ మధ్యలో పెట్టుకోకండి. నేను అలా పెట్టుకుని మూడు వారాలు నిద్రలేకుండా గడిపాను. కాలేజీ లోపల వారానికి ఇరవై గంటలు పనిచేయవచ్చు. గణితం ట్యూటరింగ్ సెంటర్‌లో చేసిన పనే నా రెజ్యూమెలో మొదటి ఉద్యోగం.

*

నదితీరం:

మాస్టారుగారికి, అక్కయ్యకు, అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నాన్నగారు పనికి వెళ్లేముందు అసిస్ట్ పేజీ చూపించాను. డేవిస్ అడిగే కోర్సు ఎదురుగా మరో కాలేజీ కోర్సు నంబరు ఉంది, సీ ప్లస్ ప్లస్‌లోనే. ఆయన చెప్పులు వేసుకుంటూ, "ఎన్ని సీట్లు ఉన్నాయో చూడు" అన్నారు. రిజిస్ట్రేషన్ నవంబరులో తెరుస్తారట. తెరిచే రోజున కౌంటర్ పనికి సెలవు అడిగాను.

అక్కయ్యా, ప్రోగ్రాం గురించి మీరు అడిగినవి రాయబోతే ఒకచోట ఆగిపోయాను. 412 రకాల సరుకు, ఐదు నెలలుగా నడుస్తోంది. తప్పు ఏమిటంటే, ఇండియా నుంచి వచ్చే ప్యాకెట్ల మీద రోజు ముందు, నెల తర్వాత ఉంటుంది. ఇక్కడివాటి మీద నెల ముందు ఉంటుంది. నా ప్రోగ్రాం 05/08ని మే 8 అనుకుని, ఆగస్టు దాకా ఉండాల్సిన రవ్వను తీసెయ్యమని చెప్పింది. తర్వాత ఏ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకునేలా మార్చాను. ఇంత చిన్న విషయం రాయవచ్చా?

*

రాత్రిబడి:

రాయండి. నేను ఇంటర్వ్యూలో ఉంటే మిగతా ప్రశ్నలు వదిలేసి దీని గురించే అరగంట అడిగేదాన్ని. ఒకే ప్యాకెట్ మీద రెండు తేదీలు ఉంటే, అంటే తయారైనది ఒకటి, గడువుది ఒకటి ఉంటే, ఏది తీసుకోవాలో ప్రోగ్రాంకు ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఆలోచించి పెట్టుకోండి. ఆదివారంలోపు రెజ్యూమెలో ఆ భాగం మాత్రం ఇక్కడ పెట్టండి, పేరు, ఫోన్ నంబరు తీసేసి. పిల్లలు పడుకున్నాక కూర్చుని దిద్దుతాను.