లైన్ డ్యూటీ వదలకుండా ప్రాజెక్టు నడపాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక_షాప్:
ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపు ప్రొడక్షన్ చూస్తున్నాను. రెండో బేలో (షెడ్డులో రెండో వరుసలో) 10 టన్నుల ఈఓటీ క్రేన్, అంటే పైన పట్టాల మీద కరెంటుతో నడిచే క్రేన్ పెట్టే పని నాకే అప్పగించారు. నెల టన్నేజీ మాత్రం తగ్గకూడదట! ఎలక్ట్రికల్, మెయింటెనెన్స్, స్టోర్స్ వాళ్లెవరూ నా కింద లేరు. మీటింగులో అందరూ "చేసేద్దాం సార్" అంటారు, మర్నాడు ఎవరి పని వాళ్లది. ఎక్సెల్‌లో బార్ చార్టు వేశాను కానీ ఎవరూ చూడట్లేదు. పీఎంపీ (ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) చేస్తే పనికొస్తుందా, ముందు నేర్చుకోవాల్సింది వేరే ఉందా?

షట్‌డౌన్_ప్లానర్:
చార్టు సంగతి తర్వాత. ఏమేం జరిగితే పని అయిపోయినట్టో ముందు ఒక పేజీలో రాయండి. క్రేన్ పైకి ఎక్కిస్తే అయిపోదు. 25 శాతం అదనంగా, అంటే 12.5 టన్నులతో లోడ్ టెస్ట్ అవ్వాలి, కాంపిటెంట్ పర్సన్ (క్రేన్లు తనిఖీ చేయడానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నాయన) సర్టిఫికెట్ చేతికి రావాలి, ఆపరేటర్లు తయారవ్వాలి. ఆ చివర నుంచి వెనక్కి నడిస్తే ఎవరికీ గుర్తురాని పనులు బయటపడతాయి. ఉదాహరణకి ఆ 12.5 టన్నుల బరువు ఎవరు తెస్తారు? ప్లేట్లు పేర్చి సరిపెడతామంటే వేబ్రిడ్జి మీద తూచాలి, సైజు చూసి వేసిన అంచనా కుదరదు. ట్రెయిలరు, స్లింగులు, షాకిళ్లు ఏ డిపార్టుమెంటు జాబితాలోనూ ఉండవు. వెండరు కోటేషన్ చివర "క్లయింటు స్కోపు" (కొన్నవాళ్లే చూసుకోవాల్సినవి) అనే పేజీలో ఉంటాయి, అది ఇవాళే తీసి చదవండి.

రెండోది, ప్రతి పని ఎదురుగా మనిషి పేరు ఉండాలి. "ఎలక్ట్రికల్" అని రాస్తే ఎవరిదీ కాకుండా పోతుంది. డీఎస్ఎల్ బస్‌బార్ (కదిలే క్రేన్‌కి కరెంటు అందించే లైను) లాగడానికి ఇద్దరు 4 రోజులు కావాలనుకోండి. ఏ ఇద్దరు, ఏ 4 రోజులు, ఆ రోజుల్లో వాళ్ల బ్రేక్‌డౌన్ కాల్స్ ఎవరు చూస్తారు? ఈ మూడూ ఎలక్ట్రికల్ హెడ్‌తో కూర్చుని తేల్చుకుని అదే సాయంత్రం మెయిల్ పెట్టండి, ఇద్దరి పైవాళ్లకీ కాపీతో. మూడో ప్రశ్నని ఎవరూ అడగరు. మొదటి బ్రేక్‌డౌన్ రాగానే మీ మనుషులు మాయమయ్యేది అందుకే.

కోటింగ్_క్యూసీ:
రోజుల లెక్క గురించి ఒక మాట. లైన్ డ్యూటీలో ఉన్నవాళ్లకి ప్రాజెక్టు కింద రోజుకి 8 గంటలు వేస్తే ప్లాను మొదటి రోజే అబద్ధం. 4 గంటలు వేసుకోండి, అదైనా వాళ్ల హెడ్ ఒప్పుకుంటేనే.

ఒకే అంకె పట్టుకోకుండా మూడు అడగండి. గ్యాంట్రీ గర్డర్ల (క్రేన్ నడిచే ఉక్కు దూలాల) బ్లాస్టింగ్ (తుప్పు రాల్చి శుభ్రం చేయడం), పెయింటింగ్ అన్నీ కలిసొస్తే 6 రోజులు, మామూలుగా 8, చెడితే 16 అనుకుందాం. 6 + 4×8 + 16 = 54, 6తో భాగిస్తే 9. అమెరికా నౌకాదళం 1958లో పోలారిస్ క్షిపణుల కోసం తయారుచేయించిన పెర్ట్ లెక్క ఇదే.

ఆ 16 ఎందుకంటారా? గాలిలో తేమ 85 శాతం దాటినా, ఉక్కు ఉపరితలం డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు పైన లేకపోయినా పెయింట్ వెయ్యకూడదు. మన సముద్రపు గాలికి పొద్దున్నే ఆ 3 డిగ్రీలు దొరకడం కష్టం. బ్లాస్ట్ చేసి ప్రైమర్ ఆలస్యం చేస్తే సాయంత్రానికే తుప్పు ఛాయ తిరుగుతుంది, మళ్లీ బ్లాస్టింగే. అక్టోబరు, నవంబరులైతే తుపాన్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. హుద్‌హుద్ తుపాను ఇక్కడ విశాఖలో తీరం దాటింది 2014 అక్టోబరు 12న. గర్డర్లు ఎత్తే రోజుకి రెండో తేదీ కూడా మొబైల్ క్రేన్ వాళ్ల దగ్గర ముందే మాట్లాడి పెట్టుకోండి.

స్టోర్స్_పెద్దాయన:
మొదటి మెయిల్‌కే పైవాళ్లని కాపీలో పెట్టడం నేను ఒప్పుకోను. అవతలి హెడ్‌కి అది ఫిర్యాదులా కనిపిస్తుంది, ఆ తర్వాత నోటి మాటగా జరిగే సాయం కూడా ఆగిపోతుంది. ముందు ఆయనకే పంపండి. ఇచ్చిన తేదీ తప్పితే అప్పుడు పైకి వెళ్లండి.

వారానికి రెండుసార్లు షాపు ఫ్లోరులో నిలబడే 15 నిమిషాల మీటింగు పెట్టండి. ఏది పూర్తయింది, ఏది ఆగింది, దాన్ని ఎవరు ఎప్పటికి విడిపిస్తారు, అంతే. "90 శాతం అయింది" అన్న మాట ఒప్పుకోకండి, చాలా పనులు ఆ 90 దగ్గరే నెల రోజులు కూర్చుంటాయి. మొదలుపెడితే 50, పూర్తయితే 100, మధ్యలో ఏమీ లేదు. మధ్యలో ఎవరైనా "వాక్‌వే కూడా వేయించేద్దాం" అంటే కాదనకండి, ఔననకండి. రిజిస్టర్లో ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అని రాసి అడిగినవాళ్ల సంతకం తీసుకోండి. సగం కోరికలు అక్కడే ఆగిపోతాయి.

పీఎంపీకి డిగ్రీ ఉంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి. ఉద్యోగం మారేటప్పుడు పనికొస్తుంది. ఈ క్రేన్‌కి మాత్రం అక్కర్లేదు.

గాజువాక_షాప్:
కోటేషన్ తీసి చూశాను. టెస్ట్ బరువు, మొబైల్ క్రేన్, కరెంటు సప్లై మూడూ మా స్కోపులోనే ఉన్నాయి. బేలో గర్డర్లు ఎత్తే 3 రోజులు కింద ప్రొడక్షన్ ఆపాలి కదా, ఆ టన్నేజీ ఎవరి ఖాతాలో వెయ్యాలి?

షట్‌డౌన్_ప్లానర్:
ఆ నిర్ణయం మీది కాదు, ప్లాంట్ హెడ్‌ది. మూడు దారులు రాసి తీసుకెళ్లండి: ముందు వారం ఓవర్‌టైమ్‌తో స్టాకు పెంచడం, కొంత ఫిటప్ (ముక్కలు జతపరిచే పని) బయటి జాబ్ వర్కుకి ఇవ్వడం, లేదా నెల టార్గెట్ 3 రోజుల మేర తగ్గించడం. ఒక్కోదానికీ ఖర్చు పక్కనే వెయ్యండి. రాత్రి షిఫ్టులో ఎత్తేసి ప్రొడక్షన్ ఆపకుండా కానిద్దామన్న నాలుగో దారి ఎవరో ఒకరు తెస్తారు. లైటింగు, రాత్రి సేఫ్టీ మనిషి, లిఫ్టింగ్ పర్మిట్ ఎవరు సంతకం పెడతారు అన్నవి తేలకుండా దానికి తల ఊపకండి.