ఎండీ థీసిస్: 84 మందిలో 31 మందే పూర్తయ్యారు, ఐదు నెలలే ఉన్నాయి

రాత్రిడ్యూటీ:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఎండీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మధుమేహం ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతినడం నా థీసిస్ అంశం. ప్రోటోకాల్‌లో (అధ్యయన ప్రణాళికలో) 84 మంది అని రాశాం. ఇప్పటికి 31 మంది పూర్తయ్యారు. ఇంకో 19 మందికి ఓపీలో పాదాల పరీక్ష చేశాను. నరాల్లో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో యంత్రంతో చూసే నరాల ప్రసరణ పరీక్షకు వేరే రోజు రమ్మంటే వాళ్లు రాలేదు. సగం నిండిన ఆ 19 ప్రొఫార్మాలు (రోగి వివరాలు రాసుకునే ఫారాలు) నా అలమరలోనే ఉన్నాయి. డేటా సేకరణకు మిగిలింది ఐదు నెలలు.

నిన్న ఒక బ్యాచ్‌మేట్ "మిగతావి కూర్చుని నింపేసెయ్యి, అందరూ చేసేదే" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఆ పని నేను చేయను. అయితే ఎలా పూర్తి చేయాలో కూడా తోచడం లేదు. ఈ దారిలో నడిచినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

కోఠిసీనియర్:
నింపేయడం చేయను అన్నారు కదా అమ్మా, సగం పని అయినట్టే. ముందు తేదీలు సరిచూసుకోండి. చివరి పరీక్షకు కనీసం ఆరు నెలల ముందు థీసిస్ యూనివర్సిటీకి అందాలి. మూడేళ్ల కోర్సు అన్నది పేరుకే, థీసిస్ వరకు చేతిలో ఉండేది రెండున్నరేళ్లే. ప్రోటోకాల్, ఎథిక్స్ కమిటీ (రోగుల హక్కులకు భంగం లేకుండా పరిశోధనను పరిశీలించే కమిటీ) అనుమతి అంటూ అందులోనూ మొదటి నెలలు గడిచిపోతాయి.

నేను చేసిన తప్పు చెబుతాను. డేటా మొత్తం వచ్చాక రాద్దామని కూర్చున్నాను. మొదటి ప్రతి గైడ్ చేతికిచ్చిన రోజు నుంచి కోఠిలో బైండింగ్ చేయించిన రోజు వరకు పదకొండు వారాలు పట్టింది. గైడ్ మూడుసార్లు ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చారు. ఆ తర్వాత ప్లేజియరిజం తనిఖీ. సాహిత్య సమీక్షలో పాత వ్యాసాల వాక్యాలు నాకు తెలియకుండానే యథాతథంగా వచ్చేశాయి. వాటిని మళ్లీ నా మాటల్లో రాయడానికి పది రాత్రులు పోయాయి.

మీరు ఇప్పుడే మొదలుపెట్టండి. పద్ధతుల అధ్యాయం మీ ప్రోటోకాల్‌లోనే ఉంది, "చేస్తాం" ఉన్నచోట "చేశాం" రావాలి, అంతే. సమీక్ష కోసం చదివిన ప్రతి వ్యాసాన్నీ ఆ రోజే జొటెరోలో పెట్టుకోండి. రిఫరెన్సులు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ అది, ఉచితం. ఆఖరి వారంలో రిఫరెన్సుల వరుస సంఖ్యలు చేత్తో మార్చే పని తప్పుతుంది.

గణాంకాలు:
కమ్యూనిటీ మెడిసిన్‌లో పనిచేస్తున్నాను. పీజీలు నా దగ్గరికి అంతా అయిపోయాక వస్తారు. ఈ ప్రశ్న మధ్యలోనే వచ్చినందుకు సంతోషం.

84 ఎలా వచ్చిందో నేను ఊహించగలను. ఎంతమంది కావాలో తేల్చే సూత్రం, నాలుగు పీక్యూ బై డీ స్క్వేర్. మధుమేహం ఉన్నవారిలో ఈ సమస్య 30 శాతం మందికి ఉంటుందని ముందటి అధ్యయనాల నుంచి తీసుకుని (పీ 30, క్యూ మిగతా 70), తేడా పరిధి, అంటే అంచనా అటూ ఇటూ ఎంత తప్పవచ్చో అది (డీ), 10 పెట్టి ఉంటారు. నాలుగు ఇంటూ 30 ఇంటూ 70, దాన్ని 100తో భాగిస్తే 84. ఇప్పుడు ఇదే లెక్కను తిప్పి వేయండి. 70 మంది దగ్గర ఆగితే తేడా పరిధి 10కి బదులు దాదాపు 11 అవుతుంది. 60 మంది దగ్గర ఆగితే 12కి కొంచెం లోపు. నిజంగా చూసిన 70 మందితో మీరు పోగొట్టుకునేది అంతే. లేని 14 మందిని కల్పిస్తే మీ మాస్టర్ చార్టులో (రోగికి ఒక వరుస చొప్పున వివరాలన్నీ ఉండే పట్టికలో) ఏ అంకెనూ నమ్మడానికి ఉండదు.

ఒక జాగ్రత్త. ఫలితాలు చూసుకుని, నచ్చినచోట ఆపకూడదు. తగ్గించాల్సి వస్తుందనిపిస్తే ఇప్పుడే గైడ్‌కు చెప్పి, ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా తెలియజేసి, పరిమితుల భాగంలో ఆ మాట రాయండి.

మాస్టర్ చార్ట్ గురించి కూడా చెబుతాను, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. ఒక విద్యార్థి 60 మంది డేటా తెచ్చాడు. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించని ఆరుగురికి ఆ గడిలో సున్నా వేశాడు. కంప్యూటర్‌కు సున్నా కూడా అంకే కదా. అసలు సగటు 1.5 ఉండాల్సింది 1.35 చూపించింది. పరీక్ష లేకపోతే గడి ఖాళీగా వదలండి. వయసు గడిలో 45 అని మాత్రమే ఉండాలి, పక్కన "సంవత్సరాలు" అని రాస్తే అది అంకెగా పనికిరాదు. అవును, కాదు అన్నవాటికి 1, 0 అని మొదటి రోజే నిర్ణయించుకోండి.

పిల్లలవైద్యుడు:
నా మనసు ఆ 19 మంది దగ్గరే ఆగింది. వాళ్లెందుకు రాలేదో అడిగారా?

నా థీసిస్‌లో పిల్లల్ని మూడో నెలలో మళ్లీ చూడాలి. సగం మంది రాలేదు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనుకున్నాను. ఒక రాత్రి ఎనిమిదింటికి కూర్చుని వరుసగా ఫోన్లు చేశాను. పగలు చేస్తే ఎత్తరు, పనిలో ఉంటారు. నాగర్‌కర్నూల్ దగ్గరి ఒక తండ్రి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "రావాలనే ఉంది సారూ, వస్తే ఆ రోజు కూలి పోతుంది. మీరు చెప్పిన రోజు పాపకు బాగానే ఉంది." బాగున్న పిల్లను రోజు కూలి వదులుకుని నా చార్టు కోసం తీసుకురమ్మంటున్నానని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ప్రతి కుటుంబం దగ్గర రెండు ఫోన్ నంబర్లు తీసుకున్నాను, ఒకటి ఇంటివాళ్లది, ఒకటి పొరుగువాళ్లది. పిల్లకు టీకా ఉన్న రోజో, తల్లి తన మందులకు వచ్చే రోజో చూసి అదే రోజు పెట్టాను. మీ రోగులు నెల మాత్రల కోసం ఎలాగూ వస్తారు. ఆ తేదీ తెలుసుకుని నరాల పరీక్ష అదే పూటకు అడగండి. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమే. తోడు వచ్చే కొడుకు టికెట్టే బరువు. చార్జీలు ఇవ్వదలిస్తే జేబులోంచి తీసి ఇచ్చేయకండి, ఎంత ఇస్తారో కమిటీకి రాసి అనుమతి తీసుకోండి. పరిశోధన కోసమే చేసే పరీక్షకు రోగి చేత డబ్బు కట్టించకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ 19 మందిలో ఎవరైనా పరీక్షకు డబ్బు కట్టాలని భయపడ్డారేమో కనుక్కోండి.

సంక్రాంతి వారంలో తేదీలు ఇవ్వకండి, ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి రారు. రంజాన్ నెలలో పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లకు ఉదయం పూటే ఇవ్వండి.

వేపచెట్టు:
అంగీకార పత్రంలో మీరు ఏ మాట వాడారో ఒకసారి చూడండి. "నరాల బలహీనత" అని ఉందా?

నాకు ఇదే జరిగింది. ఇంగ్లీషు పత్రాన్ని తెలుగులోకి మార్చిన వ్యక్తి న్యూరోపతీకి (నరాలు దెబ్బతినడానికి) ఆ మాట వేశారు. మన దగ్గర గోడల మీద ప్రకటనల్లో ఆ మాటకు అర్థమేమిటో అందరికీ తెలుసు. ఒక పెద్దాయన పక్కన కోడలు నిలబడి ఉండగా నేను పైకి చదివాను. ఆయన తల దించుకుని "నాకు అలాంటిదేమీ లేదమ్మా" అని లేచి వెళ్లిపోయారు. నాకు ఆ రోజంతా పని చేతికి ఎక్కలేదు. తర్వాత "పాదాల్లో తిమ్మిరి, మంట, స్పర్శ తెలియకపోవడం" అని మార్చి, సవరించిన పత్రానికి కమిటీ అనుమతి తెచ్చుకున్నాను. ఉర్దూ పత్రం కూడా ఉంచుకోండి. మాట్లాడేవాళ్లందరూ చదవలేరు కాబట్టి పైకి చదివి వినిపించాలి. చదవడం రానివారు వేలిముద్ర వేస్తే, మీ బృందానికి సంబంధం లేని అక్షరాస్యుడైన సాక్షి సంతకం తప్పనిసరి.

రాత్రిడ్యూటీ:
అక్కా, ఇప్పుడే పత్రం తీసి చూశాను. నా దాంట్లోనూ "నరాల బలహీనత" అనే ఉంది. రాని 19 మందిలో 14 మంది మగవాళ్లు. ఇన్నాళ్లూ ఈ రెండింటినీ కలిపి చూడలేదు.

పాదాల పరీక్ష అంటే ఎవరూ భయపడరు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును చర్మానికి ఆనించి, అది వంగేదాకా నొక్కి, తెలిసిందా అని అడుగుతాను. మొన్న ఒక అవ్వ కళ్లు మూసుకుని ఎంతసేపటికీ "ఇంకా పెట్టలేదా బిడ్డా?" అని అడుగుతూనే ఉంది. అప్పటికి కుడి పాదం మీద నాలుగు చోట్ల పెట్టాను. ఆ గడిలో ఆమెకు నేను వేసింది ఒక్క 0. ఆమెలాంటివాళ్లను కూర్చుని ఎలా కల్పిస్తాను?

గాజుస్లైడ్:
పాథాలజీ చదివాను. నాది పాత రికార్డుల అధ్యయనం. పాతవే కదా, అనుమతి ఎందుకని మొదట అనుకున్నాను, అది తప్పు. అంగీకార పత్రం నుంచి మినహాయింపు కావాలన్నా ఇవ్వాల్సింది ఎథిక్స్ కమిటీయే.

మీ బ్యాచ్‌మేట్ మాటకు నా అనుభవం ఒక్కటి చెబుతాను. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ నా థీసిస్ వెనుక మాస్టర్ చార్ట్ తెరిచి, 17వ వరుస మీద వేలు పెట్టి, "ఈమె గురించి చెప్పండి" అన్నారు. చెప్పగలిగాను. ఆమె బయాప్సీ స్లైడ్ నేనే రెండుసార్లు చూశాను, మొదటిసారి పొరబడ్డాను కూడా. ఆ పొరపాటు గురించే పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ వరుస కల్పితమైతే నేను ఏమి చెప్పేవాణ్ని?

కోఠిసీనియర్:
ఒక్క మాట కలుపుతాను. ప్రతి రోగి వివరాలూ అదే రోజు రాత్రి చార్టులోకి ఎక్కించండి. వారం ఆగితే మీ చేతిరాత మీకే అర్థం కాదు. డ్యూటీ రాత్రుల్లో కుదరకపోతే ప్రొఫార్మా ఫోటో తీసుకోండి, పేరు, ఓపీ నంబరు కనబడకుండా. ఫైలు రెండు చోట్ల ఉండాలి. మా జూనియర్ ఒకరి ల్యాప్‌టాప్ హాస్టల్‌లో పోయింది, దానితోపాటే ఏడాదిన్నర పని.

రాత్రిడ్యూటీ (ఏడు వారాల తర్వాత):
మళ్లీ వచ్చాను. సవరించిన పత్రానికి అనుమతి వచ్చింది, ప్రయాణ చార్జీలకు కూడా. గైడ్ మేడమ్ దగ్గర అంతా దాచకుండా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, నరాల పరీక్ష గదిలో వారానికి రెండు పూటలు నా రోగులకు ఇప్పించారు. 19 మందికీ రాత్రి ఎనిమిదింటికే ఫోన్లు చేశాను. నలుగురి నంబర్లు పనిచేయడం లేదు. ఒకరు చనిపోయారని ఆయన భార్య చెప్పింది. ఫోన్ పెట్టలేక చాలాసేపు ఆమెతోనే మాట్లాడాను. తొమ్మిది మంది వచ్చారు. కొత్తవాళ్లు 14 మంది. మొత్తం 54.

పద్ధతుల అధ్యాయం రాయడం అయిపోయింది, సమీక్ష సగంలో ఉంది.

వేపచెట్టు:
చాలా సంతోషం. ఆ అవ్వ వచ్చిందా?

రాత్రిడ్యూటీ:
వచ్చింది అక్కా, మాత్రల రోజున. చెప్పులు లేకుండా నడవవద్దని మొదటిసారే చెప్పాను. ఈసారి మెత్తటి చెప్పులు కొనుక్కుని వేసుకొచ్చింది, గదిలోకి వస్తూనే కాలు ముందుకు చాపి చూపించింది. ఆమెది 38వ వరుస.