క్యాథెటర్ ఇన్ఫెక్షన్లు 4 నుంచి 3 అయ్యాయి, మార్పు పనిచేసినట్టేనా?

వార్డు_సిస్టర్: యూరిన్ క్యాథెటర్ (మూత్రం పోయే గొట్టం) ఉన్నవాళ్ల దగ్గర రోజూ రౌండ్స్‌లో "ఈ క్యాథెటర్ ఇంకా అవసరమా" అని అడగడం మొదలుపెట్టాం. పోయిన నెల 4 ఇన్ఫెక్షన్లు, ఈ నెల 3. పనిచేసిందని పైవాళ్లకి ఎలా చూపించాలి? స్టాఫ్‌ని ఎలా ఒప్పించాలి?

నైట్_డ్యూటీ: ఒప్పించడం సంగతి నన్నడగండి. బెడ్‌సోర్లు రాకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మాకు చార్టు ఇచ్చారు. 32 మందికి ఇద్దరం. తెల్లవారుజామున ఐదింటికి కూర్చుని రాత్రంతా పెట్టాల్సిన టిక్కులు ఒకే పెన్నుతో పెట్టేశాం. ఆడిట్‌లో నూటికి నూరు. ఒక పెద్దాయనకి నడుము కింద చర్మం లేచిపోయింది, అది మాత్రం ఏ చార్టులోనూ లేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

లెక్కల_బ్రదర్: 4, 3 అంటే ఏమీ తెలియదండీ. క్యాథెటర్ డేస్ ఎన్ని? అంటే రోజూ క్యాథెటర్ ఉన్నవాళ్లని లెక్కపెట్టి నెలంతా కూడితే ఎంత?

వార్డు_సిస్టర్: పోయిన నెల 500, ఈ నెల 250.

లెక్కల_బ్రదర్: అయితే వెయ్యి క్యాథెటర్ డేస్‌కి 8 ఉన్నది 12 అయింది. పెరిగింది.

సీనియర్_సిస్టర్: 22 ఏళ్ల సర్వీసు నాది, ఇలాంటి లెక్కలు చూసే మంచి పనులు ఆపేయించారు. సగానికి సగం క్యాథెటర్లు తీసేస్తే మిగిలేది సీరియస్ పేషెంట్లే, రేటు పెరగదా మరి?

లెక్కల_బ్రదర్: పెరిగిందన్నాను, ఫెయిల్ అన్నానా మేడమ్? రాసింది చదివి మాట్లాడండి. మొత్తం పేషెంట్ డేస్‌లో (అలాగే వార్డులో ఉన్న అందరినీ రోజూ లెక్కపెట్టి కూడింది) క్యాథెటర్ డేస్ ఎంత శాతమో కూడా పక్కన పెట్టి చూడాలి. అసలు 4, 3 లాంటి చిన్న అంకెలతో రెండు నెలల్లో ఏదీ తేలదు. మార్పుకి ముందు నెలలవి కూడా తీసి రన్ చార్ట్ (నెలనెలా అంకెలు వరుసగా చూపే గ్రాఫ్) గీయండి.

సీనియర్_సిస్టర్: ముందు వార్డులో ఒక్క నైట్ చేసి రండి, అప్పుడు చార్టులు గీద్దురు.

కొత్త_సిస్టర్: అక్కా, మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. ముక్కు ట్యూబ్ కడుపులోకే వెళ్లిందో లేదో తెలుసుకోడానికి గాలి కొట్టి స్టెతస్కోప్‌తో వినడం నమ్మకూడదు, లాగిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకంటే తక్కువ ఉందో లేదో చూడాలి, అనుమానముంటే ఎక్స్‌రే అని చదువుకున్నాం. వార్డులో పీహెచ్ చూసే స్ట్రిప్సే లేవు. అడిగితే అందరి ముందూ తిట్టారు.

నైట్_డ్యూటీ: నువ్వు అడిగింది కరెక్టమ్మా. స్ట్రిప్స్ కావాలని రాతపూర్వకంగా ఇండెంట్ పెట్టు.

వార్డు_సిస్టర్: క్యాథెటర్ తీసేశాక యూరిన్ రాక మళ్లీ వేసినవి కూడా లెక్కపెట్టాలా?

సీనియర్_సిస్టర్: తప్పకుండా. ఏ టైముకి తీశారో కూడా రాయండి. మా దగ్గర సాయంత్రం తీసినవాళ్లకే అర్ధరాత్రి మళ్లీ వేయాల్సి వచ్చేది, ఉదయానికి మార్చాక తగ్గింది.

లెక్కల_బ్రదర్: ఈ మాట మాత్రం బాగా చెప్పారు మేడమ్.